పాత కంప్యూటరునకు క్రొత్త వ్యవస్థ

2025వ సంవత్సరము అక్టోబరు 14వ తేదీతో మన యిండ్లలోని కంప్యూటర్లనేకము లొక్క దినముననే ముసలివైపోయినవని చెప్పుచున్నారు. ఆనాటితో మైక్రోసాఫ్టు సంస్థవారు 'విండోసు 10' అను వ్యవస్థకు ఉచితముగ నిచ్చుచుండిన భద్రతా సవరణలను నిలిపివేసిరి. పేరు నమోదు చేసికొనిన గృహస్థులకు మాత్రము మరియొక యేడు, అనగా 2026 అక్టోబరు 13 వరకు, ఇచ్చెదమని ప్రకటించిరి. దాని తరువాతిదగు 'విండోసు 11' 2021లోనే వెలువడినను, అది యెల్ల యంత్రములను అంగీకరింపదు. టి.పి.ఎం. 2.0 అను భద్రతా చిప్పు ఉండవలెను. ప్రాసెసరు వారి పట్టికలో నుండవలెను. ఇంటెలు వారి ప్రాసెసర్లలో 2017కు ముందువి చాలవరకు ఆ పట్టికకెక్కలేదు. కావున పాత యంత్రమును పట్టణమునకు మోసికొనిపోయినచో, "ఇక ఇది పనికిరాదండి, కొత్తది తీసుకోండి" అను మాటయే తరచుగ వినబడుచున్నది.

ఈ మాటను నేనొప్పుకొనను. మీ యంత్రము చెడలేదు. దానిని నడిపించు ఆపరేటింగు సిస్టమునకు గడువు తీరినది. ఇవి రెండును వేర్వేరు వస్తువులు. మీరు దానిలో దాచుకొనిన కాగితములు, ఫోటోలు, లెక్కలు మూడవ వస్తువు. యంత్రము బజారులో దొరకును. వ్యవస్థయు దొరకును, కొన్ని వ్యవస్థలు ఉచితముగనే దొరకును. మూడవది మాత్రము మీ యింట దప్ప మరెచ్చటను దొరకదు. నేడు నేను చెప్పబోవునదంతయు ఈ భేదము మీదనే ఆధారపడి యున్నది.

ఆపరేటింగు సిస్టమనగా నేమో తెలియుటకు మన గ్రామములలోని పూర్వపు టేర్పాటొకటి చక్కగ నుపకరించును. 1984లో రద్దగువరకు ఊరి లెక్కలు కరణముగారి చేతిలో నుండెడివి. తెలంగాణమున వారిని పట్వారీలనిరి. ఏ సర్వే నంబరెవరిది, దాని హద్దులేవి, శిస్తెంత యను సంగతులన్నియు వారి దస్త్రములలో నుండెడివి. రైతునకు భూమి యుండెను గాని, అది ఫలానావానిదని చెప్పునది దస్త్రమే. కంప్యూటరులోని డిస్కు గూడ నొక పెద్ద పొలము వంటిది. అందు మీ మనుమని ఫోటో యొక మూల, బ్యాంకు కాగితము మరియొక మూల నుండును. ఒక్కొక్కప్పుడు ఒకే కాగితము పది ముక్కలై పది మూలల నుండును. ఎక్కడ నేమున్నదో వ్రాసియుంచు పట్టిక వ్యవస్థ యధీనములో నుండును. మీట నొక్కినపుడు అక్షరమును తెరమీదికి తెచ్చుట, ప్రింటరునకు పని చెప్పుట, ఏ ప్రోగ్రామునకెంత ర్యామో పంచియిచ్చుట, ఇవి యన్నియు దాని చేతిమీదుగనే జరుగవలెను. కరణములను గూర్చి మన పెద్దలు చెప్పుకొనిన ఫిర్యాదులు కొన్ని దీనికిని వర్తించును. అడుగనిదే చెప్పదు, చెప్పినను తేలికగ నర్థము కాదు.

ఇట్టి వ్యవస్థలలో విండోసు ఒకటి మాత్రమే. అమెరికాలో రిచర్డు స్టాల్‌మన్ అను నాతడు, ఎవరైనను వాడుకొనుటకును మార్చుకొనుటకును వీలగు వ్యవస్థ నొకదానిని నిర్మింతునని 1983లో 'గ్ను' అను పేరుతో పూనుకొనెను. 1991లో ఫిన్లండు దేశమున హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి, 21 సంవత్సరముల వాడు, లైనస్ టోర్వాల్డ్సు, తన యింటి కంప్యూటరు కొరకు వ్యవస్థయొక్క గర్భస్థానమువంటి భాగమును వ్రాసి లోకమునకు పంచిపెట్టెను. ఈ రెంటి కలయికనే నేడు లైనక్సు అనుచున్నారు. దానినుండి పుట్టిన శాఖలు వందలు. 2004లో 'ఉబుంటు', 2006లో 'మింటు' వెలువడినవి. మన దేశమున సి-డాక్ సంస్థవారు 'బాస్' అను దానిని కూర్చిరి; హైదరాబాదులోని 'స్వేచ్ఛ' వారు తెలుగు తెరతో నొకదానిని సమకూర్చిరి. వీనికి వెల లేదు, నకలు తీయుట నేరము కాదు. మనలో చాలమంది యిండ్లలోని విండోసు వెల యియ్యక తెచ్చినదేనను సంగతిని మీ తీర్పునకే విడిచెదను. విండోసు నలవాటుపడిన పెద్దలకు నేను మింటును చెప్పుచుందును. దాని తెర వింతగ తోచదు. 2 జి.బి. ర్యామున్నను నడచును, 4 జి.బి. యున్న సుఖముగ నడచును.

ఇక ముఖ్యమైన సంగతికి వచ్చుచున్నాను. మరమ్మతు దుకాణములలో 'ఫార్మాటు కొట్టుట' యను మాట మిక్కిలి వాడుకలో నున్నది. యంత్రము మెల్లగ నడచినను, వైరసు పట్టినను, తెర నీలమైనను మందొక్కటే: ఫార్మాటు కొట్టి మరల విండోసు వేయుట. ఫార్మాటనగా నేమి? నే నిందాక చెప్పిన పట్టికను త్రోసివేసి, ఖాళీ పట్టికను పెట్టుట. పొలమట్లే యుండును, ఎవరిదెక్కడ నున్నదో చెప్పు దస్త్రము మాత్రము పోవును. క్రొత్త వ్యవస్థ వచ్చి, అంతయు బంజరే యనుకొని, తన సామానును పాత కాగితముల మీదనే పరచును.

మా ప్రాంతమున నొక పెద్దమనుష్యుని యింట నిట్లు జరిగినది. యంత్రము మెల్లగ నడచుచున్నదని కుమారుడు దానినొక దుకాణమున నిచ్చెను. రెండు గంటలలో నది క్రొత్తదానివలె తిరిగి వచ్చినది, లోపలనున్నవేవియు లేవు. భూముల దస్తావేజుల స్కాను ప్రతులు పోయినందుల కాయన యంతగ విచారింపలేదు. రిజిస్టరయిన దస్తావేజునకు సబ్‌రిజిస్ట్రారు కచేరీలో రుసుము చెల్లించి నకలు పొందవచ్చును. కాని గతించిన భార్య పాడిన మంగళహారతులు ఏడు అందులో నుండెను. వానికి నకలిచ్చు కచేరీ లేదు. "ఏమైనా ఉంచాలని మీరు చెప్పలేదు కదండీ" యని దుకాణదారుడనెను. నిజమే, వీరు చెప్పలేదు, అతడును అడుగలేదు. అయితే ఆ పెద్దమనుష్యుడొక మంచిపని చేసినాడు. సంగతి తెలిసిన క్షణమునుండి యంత్రమును మరల వెలిగింపనీయలేదు. మేము డిస్కు నూడదీసి, వేరొక కంప్యూటరునకు తగిలించి, 'ఫోటోరెక్' అను ఉచిత ప్రోగ్రాముతో వెదకితిమి. అది పట్టిక కొరకు చూడదు. పొలమంతయు గజము గజము నడచి, ఇది ఫోటోవలె నున్నది, ఇది పాటవలె నున్నదని యేరి తెచ్చును. దొరకినదానిని ఆ డిస్కు మీదనే దింపరాదు, వేరొక డిస్కు మీద దింపవలెను. పేర్లు రావు, అంకెలు మాత్రమే వచ్చును. వేలకొలది తునకలలో మూడు రాత్రులు విని విని నాలుగు హారతులను పట్టుకొంటిమి. తక్కిన మూడింటి మీద క్రొత్త విండోసు కూర్చుండి యుండెను. తిరుగు పళ్లెములుగల పాత హార్డు డిస్కగుటచే నంతమాత్రమైనను దక్కినది. నేటి ఎస్.ఎస్.డి.లలో నా యాశయు తక్కువ. కొట్టివేసిన స్థలమును అవి తామే త్వరలో శుభ్రము చేసికొనును.

కావున వ్యవస్థ జోలికి పోకముందే మీ వస్తువులకు నకలు తీయింపుడు. డాక్యుమెంట్స్ అను చోటనే యన్నియు నుండునని నమ్మకుడు. తెరమీద పరచినవి డెస్కుటాపులో, దింపుకొనినవి డౌన్‌లోడ్సులో నుండును. వ్యాపారపు లెక్కల ప్రోగ్రాములు తమ లెక్కలను వేరొక సంచిలో దాచును. బ్రౌజరు జ్ఞాపకముంచుకొనిన పాసువర్డులు మరియొక చోట నుండును. ఒక నకలు బాహ్య హార్డు డిస్కులో నింట నుంచి, రెండవది మీ కుమార్తె యింటనో తమ్ముని యింటనో నుంచుడు. పెన్‌డ్రైవునొక్కదానినే నమ్ముకొనుట నాకిష్టము లేదు. అది జేబులో పోవును, చొక్కాతో చాకిరేవునకును పోవును. నకలు తీసిన పిమ్మట దానిని వేరొక యంత్రమున తెరచి, నాలుగైదు ఫోటోలైనను చూడవలెను. మరియొక జాగ్రత్త: కొన్ని ల్యాపుటాపులలో 'బిట్‌లాకరు' అను తాళము డిస్కునకు వేసియుండును. దానికి 48 అంకెల తాళపుచెవి గలదు. యంత్రము మొదటి యమరికలను మార్చినపుడు అది యా యంకెలనడుగును. అవి లేనిచో మీ డిస్కు మీకే తెరువబడదు. వానిని ముందుగనే కాగితము మీద వ్రాసి, దస్తావేజులతోపాటు భద్రపరుపుడు.

ఇంతవరకు చేసినచో తరువాతి పని యనుకొనినంత కష్టము కాదు. 8 జి.బి. పెన్‌డ్రైవొకటి కావలెను, దానిలో నున్నవన్నియు పోవును గాన ఖాళీదానిని తీసికొనుడు. మింటు వారి స్వంత వెబ్‌సైటునుండి దాదాపు 3 జి.బి. పరిమాణముగల ఫైలును దింపుకొని, 'రూఫసు' అను ప్రోగ్రాముతో పెన్‌డ్రైవు మీదికెక్కింపవలెను. మామూలుగ నకలు చేసి పెట్టిన చాలదు, యంత్రము దానినుండి లేవదు. పిమ్మట యంత్రము నార్పి, పెన్‌డ్రైవును గ్రుచ్చి, వెలిగించిన వెంటనే యొక మీటను పలుమారులు తట్టవలెను. డెల్లు, లెనోవో యంత్రములకు తరచుగ నది ఎఫ్12, హెచ్.పి. వానికి ఎఫ్9. అప్పుడెక్కడినుండి లేవవలెనని అడుగును, పెన్‌డ్రైవును చూపవలెను.

ఇచట లైనక్సులో నొక గొప్ప సదుపాయమున్నది. డిస్కును ముట్టకయే, పెన్‌డ్రైవు మీదినుండియే వ్యవస్థ యంతయు నడచును. అద్దె యింటిలో సామాను దింపకముందు బావినీరు త్రాగి చూచినట్లు, దానినొక పూట చూడవచ్చును. వైఫై అందుచున్నదా, శబ్దము వచ్చుచున్నదా, మీ ప్రింటరు కదలుచున్నదా, మూత మూసి తెరచిన మేల్కొనుచున్నదా చూడుడు. నచ్చనిచో నార్పి పెన్‌డ్రైవు తీసివేసిన, మీ పాత విండోసు పాతచోటనే యుండును. నచ్చినచో తెరమీదనే యున్న 'ఇన్‌స్టాల్' గుర్తును నొక్కుడు. అది యడుగు ప్రశ్నలలో ప్రమాదకరమైనది యొక్కటే. 'ఎరేస్ డిస్కు' అని యున్నచో నది పూర్వము చెప్పిన ఫార్మాటే. 'ఎలాంగ్‌సైడ్' అని యున్నచో విండోసు ప్రక్కనే వేరు గది కట్టుకొనును. యంత్రము వెలిగినప్పుడెల్ల ఏది కావలెనని యడుగును. మొదటి సంవత్సరము ఈ రెండవదే మేలని నా యభిప్రాయము, డిస్కులో చోటున్నంతవరకు. గడియారమునకు ప్రదేశమడిగినపుడు కోల్‌కతా యని చెప్పవలెను. భారతదేశమంతకు నొకే కాలము గదా. ఈ పని నడుచుచుండగా కరెంటు పోరాదు. ఇన్వర్టరు లేని యింట, బ్యాటరీ లేని యంత్రమునకు గాలివానల సాయంకాలమున ఈ పని పెట్టుకొనకుడు.

తెలుగు సంగతి కొంచెము విస్తరించి చెప్పవలెను. స్థాపించునపుడే భాషల పట్టికలో తెలుగు కనబడును. దాని నెన్నుకొనినచో మెనూలలో చాలభాగము తెలుగుననే వచ్చును. అనువాదము పూర్తికాని చోట్ల ఇంగ్లీషు మాటలు తొంగిచూచును. వ్రాయుటకు కీబోర్డు సెట్టింగులలో తెలుగు అమరికను చేర్చుకొనవలెను. విండోసులో సమయము, భాష యను భాగమున నిదే పని చేయవచ్చును. ప్రభుత్వమువారి ఎలక్ట్రానిక్సు శాఖ 1986లో 'ఇన్‌స్క్రిప్టు' అను అమరికను ఏర్పరచెను. అందు అచ్చులును గుణింతములును ఎడమచేతికి, హల్లులు చాలవరకు కుడిచేతికి వచ్చును. కె మీట క, సి మీట మ, డి మీట పొల్లు. షిఫ్టుతో డి నొక్కిన అ వచ్చును. కావున అమ్మ యని వ్రాయుటకు షిఫ్టు-డి, సి, డి, సి యని నొక్కవలెను. మకు పొల్లు పెట్టి మరల మ చేర్చిన నొత్తు దానంతటదియే పడును. పలకమీద నక్షరము దిద్దుకొనిన తరమువారికి, ఇంగ్లీషు స్పెల్లింగును మనస్సున తలచుకొనుచు తెలుగు వ్రాయుటకంటె నిదియే సహజమని నాకు తోచును. పిల్లలీ మాట నొప్పుకొనరు. వారికి ధ్వని ననుసరించు అమరికలును గలవు. విండోసులో 2019నుండి యది చేరియే వచ్చుచున్నది.

అయితే పాత తెలుగు ఫైళ్లు తెరచినపుడు కొందరికి గుండె గుభేలుమనును. పదిహేనేండ్ల క్రిందట ప్రెస్సులో టైపు చేయించిన కుటుంబచరిత్రయో, దేవస్థానపు లెక్కయో తెరచినచో, అర్థము లేని రోమను అక్షరములు, గుర్తులు బారులు తీరియుండును. క్రొత్త వ్యవస్థ దానిని చెడగొట్టినదని యనుకొందురు. చెడలేదు. 'అను', 'శ్రీలిపి' మొదలగు అచ్చుపని ఫాంట్లు, ఇంగ్లీషు అక్షరముల గూళ్లలో తెలుగు ముక్కలను కూర్చుండబెట్టి పని నడుపుకొనినవి. ఆ ఫాంటున్న యంత్రమున తెలుగు, లేని యంత్రమున పిచ్చివ్రాత. 1991లో వెలువడిన యూనికోడు ఈ గందరగోళమునకు మూలమునే సరిదిద్దినది. ప్రపంచలిపులలో ప్రతి యక్షరమునకు వేరు సంఖ్య నియ్యబడినది. తెలుగునకు 128 స్థానములు కేటాయింపబడెను. అ సంఖ్య 3077, క సంఖ్య 3093. ఈ సంఖ్యతో వ్రాసిన క విండోసులోను, లైనక్సులోను, మనుమని ఫోనులోను క యే. పాత ఫైళ్లను యూనికోడులోనికి మార్చు ప్రోగ్రాములు గలవు. ఒత్తుల దగ్గర కొన్ని తప్పులు పడును గాన మార్చిన ప్రతిని చదివి దిద్దవలెను, దిద్దిన పిమ్మటను పాతదానిని పారవేయరాదు. ఆ ఫాంటున్న యంత్రము మీ యూర నింకను బ్రతికియున్నచో, దాని యాయుస్సు తీరకముందే ప్రతి ఫైలును పి.డి.ఎఫ్. గా మార్చి యుంచుడు.

కంటికి సంబంధించిన యమరికలు రెండు మాటలలో చెప్పవచ్చును. తెరమీది యక్షరములను 125 వంతులకో 150 వంతులకో పెంచుడు, మౌసు బాణమును పెద్దది చేయుడు. అద్దముల నంబరు మారినదని కొందరు వైద్యుని యొద్దకు పోవుచున్నారు, మారవలసినది సెట్టింగు. మనుమలకు వేరు ఖాతా యియ్యవలెను, దానికి అధికారి హోదా యుండరాదు.

రోగములలో నన్నిటికన్న చిత్రమైనదియు, తరచుగ వచ్చునదియు నొకటి చెప్పెదను. ఇంటర్నెట్టు వచ్చుచుండును గాని బ్యాంకు పుట గాని, ప్రభుత్వపు పుట గాని తెరువబడదు. 'సురక్షితము కాదు' అని యెర్రని హెచ్చరిక వచ్చును. వైరసని భయపడి ఫార్మాటు వరకు పోవుదురు. ముందు తెర మూలనున్న తేదీని చూడుడు. అది యెన్నో యేండ్ల వెనుకటి తేదీ యైనచో రోగము తెలిసినట్లే. వెబ్‌సైట్లు చూపు యోగ్యతాపత్రములకు ఫలానా దినమునుండి ఫలానా దినమువరకని గడువుండును. మీ యంత్రము తాను వెనుకటి సంవత్సరములో నున్నాననుకొని, ఈ పత్రమింకను పుట్టలేదు గదాయని నిరాకరించును. బల్లమీది కంప్యూటరులో, కరెంటు లేనపుడును గడియారమును నడిపించుటకు రూపాయి బిళ్లవంటి 3 వోల్టుల బ్యాటరీ యుండును. దాని గుర్తు సి.ఆర్.2032. కొన్ని యేండ్లకది తీరిపోవును. క్రొత్తది వేసి తేదీ దిద్దినచో యంత్రము బాగుపడును.

మెల్లగ నడచు యంత్రమునకు డిస్కు నిండినదేమో చూడవలెను; వెలిగించిన వెంటనే తమంతట తాము లేచు ప్రోగ్రాములను తగ్గింపవలెను; పాత తిరుగుడు డిస్కు తీసి ఎస్.ఎస్.డి. వేయించినచో వ్యవస్థ మార్చినదానికంటె నెక్కువ వేడుక కనబడును. తెర యసలే వెలుగక కూతలు పెట్టుచున్నచో తరచుగ ర్యాము కదలియుండును. దుమ్ము తుడిచి మరల గట్టిగ కూర్చుండబెట్టిన చాలును. తప్పు వచ్చినపుడు తెరమీది మాటలను ఫోనుతో ఫోటో తీసి యుంచుడు. "ఏదో ఇంగ్లీషులో వచ్చింది" అని చెప్పినచో నెంతటి నిపుణుడును ఏమియు చేయలేడు. మీ కంప్యూటరులో వైరసున్నదని యెవరైన తామై ఫోను చేసినచో, వారు మైక్రోసాఫ్టు పేరు చెప్పినను, బ్యాంకు పేరు చెప్పినను, ఫోను పెట్టివేయుడు. ఆ సంస్థలట్లు చేయవు.

లైనక్సు అందరికిని సరిపడునని నేను చెప్పను. విండోసులో మాత్రమే నడచు లెక్కల ప్రోగ్రాముమీద మీ దుకాణమంతయు నాధారపడియున్నను, వ్రేలిముద్ర యంత్రము గాని డిజిటలు సంతకపు టోకెను గాని వాడుచున్నను, ముందు దానిని పెన్‌డ్రైవు మీది లైనక్సుతో పరీక్షించి చూడుడు. పని చేయనిచో నా యొక్క పనికి సవరణలు వచ్చు విండోసు యంత్రము నుంచుకొని, పాతదానిని ఉత్తరములకు, పత్రికలు చదువుటకు, పిల్లల చదువునకు వాడుడు. అప్పుడు గూడ బ్యాంకు పనిని పాత విండోసు 10 మీద పెట్టకుడు. మింటు 22 అను వెలువరింపునకు 2029వ సంవత్సరము వరకు సవరణలు వచ్చునని దానిని కూర్చినవారు చెప్పినారు. 2015లో కొనిన యంత్రము అప్పటికి పదునాలుగేండ్లది యగును.